తరిగే పలకలో ఆకు పొదుగుతుంటే ఒక పక్క బిగువు, ఇంకో పక్క సందు: ఎక్కడ తప్పుతున్నాను?

పొట్టు_రాలిన_చొక్కా
మూడు ఆదివారాలు పోయాయి, ఒక మంచి చెక్క పోయింది. ఇక అడగక తప్పడం లేదు.

కూరలు తరిగే పలక ఒకటి సొంతంగా చేస్తున్నాను. మేపుల్ చెక్క, 18 మి.మీ. మందం. అందులో వాల్‌నట్‌తో ఒక ఆకు పొదగాలని ఆశ. రెండు చెక్కలను కలిపి ఒకేసారి ఏటవాలుగా కోసే డబుల్ బెవెల్ పద్ధతి గురించి చదివి అదే పట్టుకున్నాను. వాల్‌నట్ పైన, మేపుల్ కింద పెట్టి రెండువైపులా అంటుకునే టేపుతో కలిపాను. స్క్రోల్ సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే రంపపు యంత్రం) బల్లను 3 డిగ్రీలు వాల్చి రెండింటినీ ఒకే కోతలో కోశాను. పై ముక్క కింది రంధ్రంలో బిరడాలా బిగుసుకోవాలి కదా? బిగుసుకోలేదు. ఆకును ఎడమకు నెడితే ఎడమ అంచు వెంట్రుక దూరనంత చక్కగా అతుకుతోంది, కుడి పక్కన గోరు దూరుతోంది. కుడికి నెడితే సందు ఎడమకు మారుతోంది. వేలు తీస్తే ఆకు ఏకంగా కిందికి జారిపోతోంది.

గీత మీద సరిగ్గా కోయడం రాకపోవడమేనా నా లోపం?

ఆదివారపు_వడ్రంగి
గోరు దూరేంత సందు ఉంటే అది పలక కాదు, కొత్తిమీర దాచుకునే అర.

వడ్రంగిపిట్ట
గీత తప్పడం వల్ల కాదు. రెండు చెక్కలూ ఒకే బ్లేడు కింద ఒకేసారి తెగుతాయి కాబట్టి గీత ఎంత వంకరపోయినా రెండింట్లోనూ అదే వంకర వస్తుంది. ఈ పద్ధతిలో ఉన్న సుఖమే అది, చేయి వణికినా ముక్క అతుకుతుంది.

ఒక్క ప్రశ్న. ఆకు కొన దగ్గర ఏం చేశారు? బ్లేడును వెనక్కి లాక్కొచ్చి, మొదట బ్లేడు దూర్చిన రంధ్రం నుంచి రెండో అంచును విడిగా కోశారా?

పొట్టు_రాలిన_చొక్కా
నా భుజం వెనక నిలబడి చూశారా ఏమిటి! అక్షరాలా అదే చేశాను. కొన సూదిగా రావాలని రెండు అంచులనూ రెండు వైపుల నుంచి తెచ్చి కొన దగ్గర కలిపాను.

వడ్రంగిపిట్ట
మామూలు కోతలో అది మంచి అలవాటే. వాలు కోతలో మాత్రం కొంప ముంచుతుంది.

బల్ల ఎడమ పక్క కిందికి వాలింది అనుకోండి. బ్లేడు నిటారుగానే నిలబడి ఉంటుంది, ఒరిగేది చెక్క. అప్పుడు బ్లేడుకు ఎడమన, అంటే పల్లంలో ఉన్న ముక్కకు పై ముఖం పెద్దదిగా, కింది ముఖం చిన్నదిగా తెగుతుంది. సీసా బిరడా ఆకారం అది. మిట్టన ఉన్న ముక్కకు సరిగ్గా తలకిందులు. కాబట్టి ఆకు కోత మొదలు నుంచి చివరిదాకా పల్లం వైపే ఉండాలి. పై నుంచి చూస్తే బ్లేడు ఆకు చుట్టూ గడియారం ముల్లులా తిరగాలి, మీ చేతిలో చెక్క దానికి ఎదురు తిరగాలి. మీరు ఒక అంచును అలా కోసి, రెండో అంచుకు దిశ మార్చేశారు. దాంతో మీ ఆకుకు రెండు అంచులూ ఒకే పక్కకు ఒరిగాయి. బిరడా కావలసింది ఏటవాలుగా పెట్టిన అగ్గిపెట్టె అయింది. అది ఎక్కడా బిగుసుకోదు, అందుకే కిందికి జారిపోతోంది.

కొన దగ్గర రంపం ఆపకూడదు, వెనక్కి రాకూడదు. బ్లేడు నడుస్తుండగానే చెక్కను అక్కడికక్కడే తిప్పేయాలి. సన్నని బ్లేడు అయితేనే తిరుగుతుంది. కొన కాస్త గుండ్రబడుతుంది, దానికి బాధపడకండి.

నిద్రలేని_రంపం
నేనూ ఇదే తప్పు చేసి, తప్పు రంపానిదని తీర్మానించుకుని బల్ల బోల్టులన్నీ విప్పి మళ్లీ బిగించాను. మూడు గంటలు పట్టింది. బిగించాక ఒక వాషరు మిగిలింది. అది ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు, రంపం మాత్రం బాగానే నడుస్తోంది.

పాత_బాడిస
అందరూ ఎలా అన్నదే మాట్లాడుతున్నారు, ఎందుకు అని ఒక్కరూ అడగరు. కత్తి గాట్లు పడే చోట, నీళ్లలో నానే చోట పొదుగుడు పని ఎందుకు? గోడకు తగిలించే పలకకు పొదగండి, నగల పెట్టె మూతకు పొదగండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నారు పెద్దలు.

ఆదివారపు_వడ్రంగి
కత్తిపీటకు దురద పుట్టిందనే కదా ఈ చర్చంతా.

పొట్టు_రాలిన_చొక్కా
పిట్ట గారు చెప్పినట్టు ఇంకో మేపుల్ ముక్క మీద మళ్లీ కోశాను. దిశ మార్చలేదు, కొన దగ్గర తిప్పాను. ఈసారి ఆకు బిగుసుకుంది, కాకపోతే దారి మధ్యలో. సగం లోపలికి దిగి ఆగిపోయింది. దాదాపు 8.5 మి.మీ. పైకి నిలబడి ఉంది. కొయ్య సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. నాలుగో దెబ్బకు మేపుల్ నార వెంట నిలువునా చీలింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

సైన్_తీటా
సుత్తి పక్కన పెట్టి కాగితం తీయండి. మీ చీలిన పలకలోనే జవాబు ఉంది.

బ్లేడు పోయిన దారిలో కొంత చెక్క పొట్టుగా మారి పోతుంది. ఆ కోత వెడల్పే పొదుగుడులో కనిపించే సందు. బల్లను వాల్చేది ఆ సందును మూయడానికే. బిరడా ఆకారపు ముక్క కిందికి దిగుతున్నకొద్దీ దాని అంచు పక్కకు జరుగుతూ వస్తుంది. కోత వెడల్పు అంత జరిగిన చోట బిగుసుకుని ఆగిపోతుంది. ముక్క తన మందమంతా దిగాక ఆగితే పై ముఖాలు సమంగా ఉంటాయి. అందుకు లెక్క ఇదీ: వాలు కోణం సైన్ విలువ = కోత వెడల్పు ÷ పై చెక్క మందం.

మీ ముక్క 18లో 8.5 పైనే ఉండిపోయింది, అంటే 9.5 మి.మీ. దిగి ఆగింది. సైన్ 3 డిగ్రీలు అంటే 0.0523. గుణిస్తే మీ కోత వెడల్పు దాదాపు 0.5 మి.మీ. కొలిచే పరికరం అక్కర్లేకుండా తేలింది. ఇప్పుడు 0.5ను 18తో భాగిస్తే 0.0278, అంటే మీకు కావలసిన కోణం 1.6 డిగ్రీలు. 3 కాదు.

పొట్టు_రాలిన_చొక్కా
అంటే ఆ వ్యాసంలో రాసిన 3 డిగ్రీలు తప్పా?

సైన్_తీటా
తప్పు కాదు, అది వాళ్ల చెక్కకు సరిపడింది. 6 మి.మీ. చెక్క, 0.3 మి.మీ. కోత అయితే 2.9 డిగ్రీలు వస్తుంది. ఎవరి మందం వారిది, ఎవరి బ్లేడు వారిది. కోణం అప్పు తెచ్చుకునే వస్తువు కాదు.

ఇంకో చిక్కు. పల్చని చెక్కలో కోణం పదో వంతు డిగ్రీ అటూఇటూ అయితే ముక్క 0.2 మి.మీ. పైనో కిందో ఆగుతుంది, ఉప్పుకాగితంతో రుద్దితే పోతుంది. మీ 18 మి.మీ. చెక్కలో అదే పదో వంతుకు తేడా 1 మి.మీ. దాటుతుంది. 1.6 దగ్గర 17.9 మి.మీ. లోతున ఆగేది 1.5 దగ్గర 19.1 దాకా దిగుతుంది, అంటే పలక ముఖం కంటే 1 మి.మీ. పైగా కిందికి పోయి బిగుసుకుంటుంది. మీ రంపం బల్ల కింద ఉన్న గీతలు ఎంతకొకటి?

పొట్టు_రాలిన_చొక్కా
5 డిగ్రీలకొకటి. మధ్యలో అంచనాయే.

ఆదివారపు_వడ్రంగి
అంచనాతో 1.6 పెట్టడమంటే బియ్యం గింజ మీద సంతకం చేయడమే.

రౌటర్_రామచిలుక
ఇంత లెక్క ఎందుకండీ? రౌటర్‌కు (గిరగిర తిరిగే బిట్టుతో చెక్కలో గుంట తవ్వే యంత్రం) ఇత్తడి ఉంగరం ఉన్న పొదుగుడు సెట్టు దొరుకుతుంది. ఒకే అచ్చు పెట్టి, ఉంగరం ఉంచి ఒకసారి గుంట తవ్వండి, ఉంగరం తీసి ఇంకోసారి ముక్క కోయండి. 5 మి.మీ. లోతు చాలు. వాలూ లేదు, సైనూ లేదు.

వడ్రంగిపిట్ట
రామచిలుక గారూ, మీ 3 మి.మీ. బిట్టు లోపలి మూలలన్నీ గుండ్రంగానే వదులుతుంది కదా. హృదయం ఆకారం, వెడల్పు ఆకు అయితే సరే. సన్న తొడిమ, రంపపు అంచు ఆకు అయితే ఉలి పట్టి మూలలన్నీ చెక్కుకోవాలి. ఒకే ఆకారం పది పలకలకు కావాలంటే మాత్రం రౌటరే మేలు, అచ్చు ఒకసారి చేస్తే చాలు. డబుల్ బెవెల్‌లో ప్రతి ముక్కకు ఒకటే జత. ఆ ఆకు ఆ రంధ్రానికే.

రౌటర్_రామచిలుక
ఒప్పుకుంటాను. కాకపోతే నా ముక్క ఎప్పుడూ కిందికి జారిపోలేదు.

నిద్రలేని_రంపం
18 మి.మీ. రెండు పెట్టి 36 మి.మీ. మేపుల్, వాల్‌నట్ కోయడం ఒకసారి చేశాను, మళ్లీ చేయను. ఒత్తిడికి బ్లేడు మధ్యలో విల్లులా వంగుతుంది. పైన గీత మీదే ఉంటుంది, లోపల పొట్ట ఉబ్బుతుంది. అప్పుడు సైన్ లెక్క ఎంత సరిగ్గా వేసినా ముక్క రెండు మూడు చోట్లే తగిలి నిలబడుతుంది. తొందరపడితే చెక్క మాడుతుంది కూడా. పైన పారదర్శకమైన ప్యాకింగ్ టేపు అంటిస్తే మాడడం తగ్గుతుంది. నెట్టవద్దు, బ్లేడును తిననివ్వండి.

వడ్రంగిపిట్ట
అందుకే నా సలహా 6 మి.మీ. మేపుల్ పొరలో 6 మి.మీ. వాల్‌నట్ పొదగండి. ఆ పొరను 12 మి.మీ. మేపుల్ మీద అంటించండి. రెండింటి నార ఒకే దిశలో ఉండాలి, రెండూ ఒకే చోట సమానంగా ఆరినవి కావాలి. కోణం 3 దగ్గరికి వస్తుంది, 12 మి.మీ. దొంతర కోయడానికి సన్న బ్లేడు సరిపోతుంది, కొన దగ్గర తిప్పడమూ సులువు.

పాత_బాడిస
పొరలు అంటించిన పలక నీళ్లు తగిలితే గిన్నెలా వంగుతుంది.

వడ్రంగిపిట్ట
నార అడ్డంగా పెడితే వంగుతుంది, ఒకే దిశలో పెడితే ఒకే చెక్కలా కదులుతుంది. నా వంటింట్లో అలాంటిది ఒకటి రోజూ వాడుతున్నాను. వంగలేదు.

పాత_బాడిస
మీరు దాన్ని తొట్టిలో నానబెట్టరు కాబట్టి వంగలేదు. సరే, వాదించను. ఒక పాత సంగతి చెబుతాను. రెండు పొరలు కలిపి కోయడం ఇవాళ పుట్టింది కాదు. ఫ్రాన్స్‌లో ఆంద్రే-షార్ల్ బూల్ అనే పనివాడు (1642–1732) తాబేటి చిప్ప, ఇత్తడి రేకు కలిపి ఒకేసారి కోసేవాడు. చిప్పలో ఇత్తడి పువ్వు ఒకటి, ఇత్తడిలో చిప్ప పువ్వు ఒకటి, రెండు జతలు వచ్చేవి. నిటారు కోత కాబట్టి రెండు జతలూ పనికొచ్చేవి, రెండింటికీ సన్న సందు ఉండేది. మీ వాలు కోతలో ఒక జత బిగుసుకుంటుంది, మిగిలిన జతకు సందు రెండింతలు. మిగిలింది దేనికీ పనికిరాదు.

ఆదివారపు_వడ్రంగి
మిగిలిన జత పొయ్యిలోకి పనికొస్తుంది.

పొట్టు_రాలిన_చొక్కా
6 మి.మీ. దారికే వచ్చేశాను. డిజిటల్ కోణమాపకం ఒకటి అరువు తెచ్చుకున్నాను. రెండు సందేహాలు. ఒకటి, బ్లేడు దూర్చే రంధ్రం ఎక్కడ వేయాలి? పోయినసారి ఆకు అంచున చీమ కన్నంలా కనిపించింది. రెండు, వాల్‌నట్ నార ఆకు ఈనె వెంట రావాలని ఉంది, ఆకు పలక మీద ఏటవాలుగా పడుకుని ఉండాలి. పరవాలేదా?

నిద్రలేని_రంపం
రంధ్రం కూడా బల్ల వాలిన కోణంలోనే వేయాలి. నిటారుగా వేస్తే కింది పొరలో బ్లేడు గీత దాటి పోతుంది. 1 మి.మీ. లోపు బిట్టు చాలు, అయితే చివర్లో అడ్డపిన్ను లేని బ్లేడు కావాలి, పిన్ను ఉన్నది దూరదు. తొడిమ మొదట్లో వేయండి, అక్కడ చూపు పడదు.

వడ్రంగిపిట్ట
ఇంకా మంచి దారి ఉంది. తొడిమను విడిగా, ఆకు తర్వాత పొదగండి. ఆకు రంధ్రం తొడిమ వచ్చే చోట వేయండి. ఆకు అంటించి, ఆరాక, తొడిమ చెక్కను మళ్లీ పైన పెట్టి కోస్తే ఆ కోత ఆకు మొదలును కూడా తీసుకుపోతుంది, దానితో రంధ్రమూ పోతుంది. పువ్వు చేసేటప్పుడూ ఇదే వరుస. వెనక ఉన్నది ముందు, ముందు ఉన్నది చివర. ఆకుల రంధ్రాలు రేకుల కింద, రేకుల రంధ్రాలు నడిమి బొడ్డు కింద. చివరికి బొడ్డుది ఒక్కటే మిగులుతుంది, అందులో వాల్‌నట్ పొట్టు, జిగురు కలిపి నింపండి. నింపడానికి ఎప్పుడూ ముదురు రంగు చెక్క పొట్టే వాడండి, లేత పొట్టు జిగురుతో కలిస్తే మురికిగా కనిపిస్తుంది.

సైన్_తీటా
ఇది నాకు తెలియదు. రాసిపెట్టుకున్నాను.

పాత_బాడిస
నార సంగతి నేను చెబుతాను, ఎందుకంటే పలక పగిలేది అక్కడే. చెక్క పొడవున దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. గట్టి మేపుల్ పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి చెట్టు పెరిగిన వలయాల వెంట 10 శాతం దాకా, వలయాలకు అడ్డంగా 5 శాతం దాకా కుంచించుకుంటుంది. మీ పలక అంత ఎండదు, అంత తడవదు. అయినా రోజూ నీళ్లు తాగుతూ ఆరుతూ ఉంటుంది. వాల్‌నట్ నార మేపుల్ నారకు అడ్డం పడితే ఒకటి కదిలిన దిక్కు ఇంకొకటి కదలదు. గోరంత ఆకైతే ఏమీ కాదు. అరచేయంత ఆకైతే ఏదో ఒక రోజు అంచున సన్న గీత పుడుతుంది, అందులో నీరు చేరుతుంది. రెండు నారలూ ఒకే దిశలో పెట్టండి.

పొట్టు_రాలిన_చొక్కా
అలా పెడితే ఈనె ఒక దిక్కు, నార ఒక దిక్కు పోతాయి. అందం పోతుంది.

పాత_బాడిస
ఆకునే పలక పొడవున పడుకోబెట్టండి. ఈనె, నార, పలక అన్నీ ఒకే దారిన పోతాయి.

పొట్టు_రాలిన_చొక్కా
ఇంత చిన్న మాట నాకు తట్టలేదు.

ఆదివారపు_వడ్రంగి
పొదగవద్దన్న మనిషే చివరికి ఆకు ఎటు పెట్టాలో చెబుతున్నారు. ఎవరైనా రాసిపెట్టుకోండి.

నూనెగుడ్డ
నా వంతు ఇప్పుడు. జిగురు నీటికి తట్టుకునేది వాడండి. టైట్‌బాండ్ త్రీ లాంటిది ఆరాక ఆహారానికి పరోక్షంగా తగిలే చోట వాడవచ్చు. జిగురులోనూ నీరు ఉంటుందని మరిచిపోకండి. పొడిగా మరీ బిగుతుగా దిగే ముక్క జిగురు తగలగానే ఉబ్బి సగంలో మొరాయిస్తుంది. రంధ్రపు గోడలకు పల్చగా రాసి, ఆలస్యం చేయకుండా నొక్కి, రెండు చదును చెక్కల మధ్య క్లాంపు బిగించండి. మధ్యలో ప్లాస్టిక్ కాగితం పెట్టకపోతే క్లాంపు చెక్కను కూడా పొదిగినవారవుతారు. టేపు జిడ్డు ముందే స్పిరిట్‌తో తుడవాలి.

ఆరాక నునుపు చేసి, తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. లేచిన నూగును 220 ఉప్పుకాగితంతో తీసేయండి. ఆ తర్వాతే మినరల్ ఆయిల్. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు చెడిన వాసన వస్తుంది.

తర్వాతి పలకకు ఎవరైనా పడాక్ చెక్క వాడమంటే జాగ్రత్త. ఒకసారి మేపుల్‌లో పడాక్ పొదిగి హాయిగా ఉప్పుకాగితం పట్టాను. ఎర్రటి పొడి మేపుల్ రంధ్రాల్లోకి దిగి తెల్ల పలక అంతా పారాణి పెట్టుకున్నట్టు అయింది. రుద్దేకొద్దీ పాకింది. అలాంటి రంగు చెక్కలకు ఉప్పుకాగితం కాదు, గీకుడు రేకు వాడాలి.

పొట్టు_రాలిన_చొక్కా
అసలు ఆకు జోలికి పోకుండా ముందు అదే 6 మి.మీ. మేపుల్, వాల్‌నట్ తుంపుల మీద రూపాయి బిళ్లంత గుండ్రాలు కోశాను. 3.5 దగ్గర మొదటిది 1 మి.మీ. పైకి నిలబడింది.

సైన్_తీటా
5 మి.మీ. దిగింది, సైన్ 3.5 అంటే 0.061. కోత 0.3. మీరు 2.9 పెట్టండి.

పొట్టు_రాలిన_చొక్కా
2.9 పెట్టాను. బొటనవేలితో నొక్కితే టక్కున దిగింది. వేలు పెట్టి తడిమితే పోస్టుకార్డు మందమంత పైకి ఉంది, అంతే. వెలుతురుకు ఎత్తి చూస్తే చుట్టూ ఎక్కడా వెలుగు రావడం లేదు. ఆ బిళ్లను జేబులో వేసుకుని తిరుగుతున్నాను.

వడ్రంగిపిట్ట
ఆ పోస్టుకార్డు మందమే కావాలి. రుద్దితే సమం అవుతుంది. కిందికి దిగిపోతే పలకంతా రుద్దాల్సి వస్తుంది. అదే బ్లేడుతో ఆకు కూడా వెంటనే కోసేయండి. బ్లేడు మారిస్తే కోత మారుతుంది, మళ్లీ గుండ్రం కోసి చూడాలి.

పొట్టు_రాలిన_చొక్కా
కోశాను. కొన దగ్గర ఊపిరి బిగబట్టి తిప్పాను. కొన కాస్త మొద్దుబారింది, అయినా ఆకు ఆకులాగే ఉంది. జిగురు రాసి క్లాంపులు బిగించాను. రేపు ఉదయం దాకా ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. నేనే రెండుసార్లు ముట్టుకున్నాను.

నూనెగుడ్డ
చుట్టూ పొంగిన జిగురును తడిగుడ్డతో తుడవకండి. గట్టిపడనిచ్చి ఉలితో లేపేయండి.

పొట్టు_రాలిన_చొక్కా
తుడిచేశాను.

నూనెగుడ్డ
గట్టిగా రుద్దండి మరి. లేకపోతే నూనె రాసిన రోజు ఎక్కడెక్కడ తుడిచారో పలకే చూపిస్తుంది.